పానం ఎట్లున్నది? రంధిలో ఉన్నప్పుడు ఒంటిని గమనించడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో మా మేడ మీద ప్రతి ఆదివారం పొద్దున పది పన్నెండు మందిమి కూర్చుంటాం. టీచర్లు, బట్టల షాపుల్లో పనిచేసే ఆడపిల్లలు, రిటైరైన రైల్వే ఉద్యోగులు వస్తారు. అప్పుడప్పుడు పరకాల, నర్సంపేట వైపు నుంచి రైతులు కూడా వస్తారు. నేను డాక్టర్‌ని కాదు. రంధిలో, అంటే దిగులు, టెన్షన్‌లో ఉన్నప్పుడు ఒంటిని గమనించే ఈ సాధన పన్నెండేళ్లుగా చేస్తున్నాను, నాకు తెలిసినంతలో చెప్తున్నాను. అక్కడ మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలు, వాటికి నేనిచ్చే జవాబులు ఇవి.

ఒంటిని గమనించడం అంటే అసలు ఏం చేయాలి?

మన దగ్గర జబ్బుపడ్డవాళ్లను చూడటానికి వెళ్తే మొదట అడిగే మాట "పానం ఎట్లున్నది?" అని. పానం అంటే ప్రాణమే, కానీ మన వాడుకలో ఒళ్లు కూడా అదే. "పానం మంచిగ లేదు" అంటే ఒంట్లో బాగా లేదని. ఒంటినీ ప్రాణాన్నీ మన పెద్దవాళ్లు రెండుగా విడదీసి మాట్లాడలేదు.

ఆ ప్రశ్నే మీకు మీరు వేసుకుని, జవాబు కోసం ఒంట్లోకి చూడాలి. దవడ బిగిసి ఉందా? భుజాలు పైకి లేచి ఉన్నాయా? పొట్ట మెత్తగా ఉందా, రాయిలా ఉందా? ఊపిరి ఎక్కడి దాకా వెళ్లి తిరిగొస్తోంది? కనిపించింది కనిపించినట్టు ఒప్పుకుంటే చాలు, వెంటనే మార్చేయాలని తొందరపడక్కర్లేదు. ఎవరైనా అడిగితే అలవాటుగా "ఆఁ, బాగానే ఉన్న" అంటాం చూడండి, ఆ జవాబు మాత్రం ఇక్కడ పనికిరాదు.

టెన్షన్ ఉన్నది మనసులో కదా, ఒంటిని చూసుకుంటే ఏం లాభం?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. జవాబు కొంచెం వివరంగానే చెప్తాను.

ముందు మన మాటలు వినండి. భయమేస్తే గుండె జారిపోయింది అంటాం. కోపమొస్తే అరికాలి మంట నెత్తికెక్కింది అంటాం. పిల్లల కష్టం చూస్తే కడుపు తరుక్కుపోతుంది, ఎదిగిన బిడ్డ పెళ్లి కాకుండా ఉంటే గుండెల మీద కుంపటి అంటాం. ఏ బాధనైనా ఒంట్లో ఒక చోటు చూపించి మరీ చెప్పే భాష మనది. ఇవి పుట్టించినవాళ్లు వైద్య పుస్తకాలు చదవలేదు, తమ ఒంట్లో జరిగింది చెప్పారు.

వైద్యం చెప్పేదీ దాదాపు అదే. ప్రమాదం ఉందని అనిపించగానే మెదడు మనల్ని అడగకుండానే ఒంటికి కబురు పంపుతుంది. మూత్రపిండాల మీద చిన్న టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. చర్మానికి, పేగులకు వెళ్లాల్సిన రక్తం పెద్ద కండరాలకు మళ్లుతుంది. చేతులు చల్లబడేది, నోరు ఎండిపోయేది, అన్నం సయించనిది అందుకే. వెనకాలే కార్టిసాల్ అనే హార్మోను వచ్చి రక్తంలో చక్కెర పెంచి శక్తి సమకూరుస్తుంది. పొలం గట్టు మీద పాము ఎదురైతే ఇదంతా మనల్ని బతికించే ఏర్పాటు. గెంతుతాం, పరుగెత్తుతాం, కాసేపటికి ఒళ్లు మళ్లీ మామూలవుతుంది.

బ్యాంకు నోటీసు నుంచి, పడిపోయిన పత్తి రేటు నుంచి అలా పరుగెత్తి తప్పించుకోలేం. ఒళ్లు మాత్రం పరుగుకు సిద్ధమై రోజుల తరబడి అలాగే నిలబడి ఉంటుంది. మెదడు కింది నుంచి మెడ, ఛాతీ మీదుగా పొట్ట దాకా వెళ్లే వేగస్ అనే నరం ఒకటుంది. దానిలోని పోగుల్లో ఎక్కువ భాగం ఒంటి నుంచి మెదడుకు వార్తలు మోసేవే. బిగుసుకున్న ఒంటి నుంచి వార్త వెళ్తే, ఇంకా ప్రమాదం పోలేదని మెదడు అనుకుంటుంది. అనుకుని ఒంటిని మరింత బిగిస్తుంది. గానుగ చుట్టూ తిరిగే ఎద్దులా ఇదే తిరుగుడు.

దీన్ని ఎక్కడో ఒకచోట ఆపాలి. ఆలోచనల వైపు నుంచి ఆపడం చాలా కష్టం. ఆలోచించొద్దు అనుకున్నకొద్దీ అదే గుర్తొస్తుంది. దవడను వదులు చేయడం, ఊపిరిని నిదానంగా వదలడం అయితే మన చేతిలో ఉన్న పని. అందుకే ఒంటి వైపు నుంచి మొదలుపెడతాం.

ఎక్కడ మొదలుపెట్టాలి?

పాదాల దగ్గర. నేను అక్కడే మొదలుపెట్టాను, అది కూడా తెలియకుండానే.

పన్నెండేళ్ల కిందట మా అమ్మను ఒక ఆసుపత్రిలో చేర్చాం. ఐసీయూ బయట వరండాలో మూడు రాత్రులు కూర్చున్నాను. లోపల ఏం జరుగుతోందో చెప్పేవాళ్లు లేరు. తలుపు చప్పుడైన ప్రతిసారీ లేచి నిలబడేదాన్ని. రెండో రాత్రి, ములుగు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ పక్కన కూర్చుంది. మంచినీళ్ల సీసా అందిస్తుంటే నా వేళ్లు ఆమెకు తగిలాయి. "చేతులు గింత సల్లగున్నయేంది బిడ్డా" అన్నది.

అప్పుడు చూసుకున్నాను. ఏప్రిల్ నెల, పైన ఫ్యాను వేడిగాలి కొడుతోంది, నా చేతులు మాత్రం మంచుగడ్డలు. కుడి పిడికిట్లో టిఫిన్ బాక్సు మూత ఉంది. ఎప్పటి నుంచి పట్టుకుని ఉన్నానో నాకే తెలియదు. దాని అంచు అరచేతిలో గుండ్రంగా అచ్చుపడింది. మూత పక్కన పెట్టి, చెప్పులు విడిచి, పాదాలు నేల మీద ఆనించాను. గచ్చు చల్లగా ఉంది. ఎడమ మడమ కింద ఇసుక రేణువు ఒకటి గుచ్చుకుంటోంది. దాన్ని దులుపుకోకుండా, దాన్నే పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. కాసేపటికి ఊపిరి ఒకటి పొట్ట దాకా దిగింది.

అమ్మ పరిస్థితి ఏమీ మారలేదు. కానీ తెల్లారి డాక్టర్ వచ్చి చెప్పిన మాటలు నాకు వినపడ్డాయి. అంతకుముందు రోజు ఆయన చెప్పిందాంట్లో ఒక్క ముక్క కూడా నాకు గుర్తు లేదు.

కాబట్టి కుర్చీలో కూర్చోండి, లేకపోతే జంపఖానా పరుచుకుని పడుకోండి. మా మేడ మీద కొత్తవాడలో నేసిన జంపఖానాలే వాడతాం. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ జంపఖానాలు అవే, మందంగా ఉండి వీపుకు గట్టిగా ఆనుతాయి. ముందు పాదాలు నేలను ఎక్కడ తాకుతున్నాయో చూడండి. చల్లదనమా, గరుకుదనమా, బరువా? తర్వాత పిక్కలు, మోకాళ్లు, తొడలు, నడుము, పొట్ట, ఛాతీ, చేతివేళ్ల నుంచి భుజాలు, మెడ, దవడ, కళ్ల చుట్టూ, నుదురు, మాడు. ఒక్కో చోట రెండు మూడు ఊపిర్ల సేపు ఆగండి. మధ్యలో మనసు ఎటో పోతుంది. పోయిందని తెలిసినప్పుడు, ఏ చోట వదిలారో అక్కడి నుంచే మళ్లీ అందుకోండి. మొత్తానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. అంత తీరిక లేనినాడు పాదాలు, పొట్ట, దవడ, ఈ మూడు చూసుకున్నా సరిపోతుంది.

ఊపిరి ఎలా తీసుకోవాలి?

మణికట్టు లోపలి వైపు, బొటనవేలి మొదట్లో, ఇంకో చేతి రెండు వేళ్లు ఆనించి నాడి పట్టుకోండి. నిదానంగా ఊపిరి పీల్చండి, ఇంకా నిదానంగా వదలండి. చాలామందికి పీల్చేటప్పుడు నాడి కొంచెం వేగంగా, వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకోవడం వేళ్లకే తెలుస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నరం గుండెకు కళ్లెం వేస్తుంది. అందుకని పీల్చడం కన్నా వదలడం పొడుగ్గా ఉండాలి.

4 సెకన్లు పీల్చి 6 సెకన్లు వదిలితే నిమిషానికి 6 ఊపిర్లు అవుతాయి. మామూలుగా పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 దాకా తీసుకుంటారు. ఐదు నిమిషాలు అలా చేయండి. లెక్క కుదరకపోతే లెక్క మానేయండి, వేడి చాయ్ ఊదినట్టు పెదాలు కొంచెం మూసి మెల్లగా వదలండి. ఊపిరి బిగబట్టొద్దు. గట్టిగట్టిగా, గబగబా పీల్చొద్దు, అలా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

పద్మాసనం వేయాలా? కళ్లు మూసుకోవాలా?

రెండూ అక్కర్లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కుర్చీలోనే కూర్చోండి. కళ్లు మూసుకుంటే భయంగా ఉందంటే తెరిచే ఉంచి, ఎదురుగా నేల మీద ఒకచోట చూపు నిలపండి.

పడుకుని చేస్తే నిద్రపోతున్నాను. తప్పా?

తప్పేం లేదు. మీకు నిద్ర బాకీ ఉంది, ఒళ్లు వసూలు చేసుకుంటోంది. మెలకువగా చేయాలనుకున్న రోజు కూర్చుని చేయండి.

గమనించడం మొదలుపెట్టగానే గుండెదడ ఇంకా పెరుగుతోంది. ఏం చేయాలి?

చాలామందికి ఇలా అవుతుంది. భయపడి మానేసేది ఇక్కడే.

అప్పటిదాకా దడ ఉంది, మీరు పని హడావిడిలో వినలేదు. ఇప్పుడు ఇల్లు నిశ్శబ్దమయ్యాక గోడ గడియారం చప్పుడు వినపడ్డట్టు వినపడుతోంది. ఆ చప్పుడుకు గాబరా పడితే గాబరా దడను ఇంకా పెంచుతుంది. అలాంటప్పుడు ఛాతీ దగ్గర ఉండకండి. దడ ఉన్నచోటు వదిలేసి, ఒంట్లో ఏ గొడవా లేని చోటుకు వెళ్లండి. చాలామందికి అది అరిపాదమో, చెవి తమ్మెలో, ముక్కు కొసో అవుతుంది. అక్కడ కాసేపుండి, ధైర్యం వచ్చాక ఒక్క ఊపిరి సేపు ఛాతీ వైపు చూసి, మళ్లీ పాదానికి రండి. చెరువులో దిగేవాళ్లు ముందు మడమల దాకా దిగి, నీళ్లు అలవాటయ్యాక మోకాళ్ల దాకా వెళ్తారు కదా, అలా.

అదీ కుదరకపోతే ఒంటిని వదిలేసి బయటికి రండి. గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి. ముఖం మీద చల్లటి నీళ్లు చల్లుకోండి, దానికి గుండె కొంత నెమ్మదించే గుణం మన ఒంట్లో పుట్టుకతోనే ఉంది. ఇంట్లోనో బయటో దెబ్బలు తిన్నవాళ్లకు, ప్రమాదం చూసినవాళ్లకు, చిన్నప్పుడు చేదు అనుభవాలు ఎదురైనవాళ్లకు ఒంటిలోకి చూడటం అంటే ఆ పాత గాయంలోకి వెళ్లడమే కావచ్చు. అలాంటివాళ్లు ఒంటరిగా చేయకుండా, సైకాలజిస్టు తోడుతో చేయమని నేను గట్టిగా చెప్తాను.

నాకు ఏమీ తెలియడం లేదు. ఒళ్లంతా మొద్దుబారినట్టు ఉంది.

మీరు ఏళ్ల తరబడి తట్టుకున్నారు, తట్టుకోవడానికి ఒళ్లు నేర్చుకున్న దారి అది. మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

ఇలాంటివాళ్లకు బిగించి వదిలే పద్ధతి బాగా పనిచేస్తుంది. 1920ల నాటికే అమెరికా డాక్టర్ ఎడ్మండ్ జేకబ్సన్ దీన్ని పద్ధతి ప్రకారం అభివృద్ధి చేశాడు. పిడికిలి గట్టిగా బిగించి ఐదు లెక్కపెట్టండి. ఒక్కసారిగా వదిలేయండి. వదిలాక చేతిలో పాకే వెచ్చదనం, చిన్న జలదరింపు తెలుస్తుంది. తర్వాత భుజాలు చెవుల దాకా ఎత్తి వదలండి. ముఖమంతా ముడిచి వదలండి. బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు మరీ గట్టిగా బిగించొద్దు.

పొద్దంతా పని. కూర్చుని కళ్లు మూసుకునే టైమ్ మాకెక్కడిది?

పత్తి ఏరే ఒక అక్క నన్ను ఇలా అడిగింది. ఆమె చేతులు చూశాను. ఎండిన కాయల మొనలు గీసుకుని, గోళ్ల పక్కన సన్నటి గీతలు. "ఏరేటప్పుడు ఏం ఆలోచిస్తవు?" అని అడిగితే "బాకీ గురించే" అన్నది. నేను ఆమెకు కొత్త పని ఏమీ చెప్పలేదు. ఒక్కో సాలు మొదట్లో పది కాయలు మాత్రం, వేళ్లకు దూది తగిలే మెత్తదనాన్ని చూస్తూ ఏరమన్నాను. ఆ తర్వాత బాకీ గురించి ఆలోచించుకో అన్నాను. నెల తర్వాత వచ్చి, పది కాయలు ఇరవై అయినయని చెప్పింది.

ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతుల సంగతి ఇంకో రకం. రాత్రే వచ్చి బస్తాల పక్కన పడుకుంటారు. పొద్దున జెండా పాటలో, అంటే వేలంలో, రేటు ఎంత పలుకుతుందో, కాంటా ఎప్పుడవుతుందో అని ఒకటే గుబులు. అక్కడ లోతుగా ఊపిరి తీసుకోమని చెప్పకూడదు. మిర్చి ఘాటుకు దగ్గొచ్చి ప్రాణం మీదికొస్తుంది. అక్కడ ఊపిరి జోలికి పోకుండా వీపును పట్టుకోవాలి. బస్తాకు ఆనుకుని, వీపు ఎక్కడెక్కడ తగులుతోందో చూస్తూ, ఆ బరువును బస్తా మీదికి వదిలేయడం. ఒక రైతు నాతో "నా బరువు బస్తా మోత్తాంది, నేనే గదా ఇన్ని రోజులు దాన్ని మోసింది" అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు.

ఇంట్లో అయితే గిన్నెలు తోమేటప్పుడు నీళ్ల చల్లదనం, రొట్టె చేసేటప్పుడు పిండి అరచేతి కింద సాగడం, బస్సులో నిలబడ్డప్పుడు పట్టుకున్న కడ్డీ, ఏదైనా సరే. రోజూ చేసే పనుల్లో ఒకదాన్ని ఎంచుకుని దానికి మాత్రం కట్టుబడండి.

నడుస్తూ చేయొచ్చా?

నిశ్చలంగా కూర్చోలేనివాళ్లకు నడకే మంచిది. భద్రకాళి బండ్ మీద పొద్దున ఆరింటికి వెళ్లండి, ఫోన్ జేబులోంచి తీయకండి. మడమ ఆనడం, పాదం పరుచుకోవడం, వేళ్లు నేలను నెట్టడం, ఈ మూడే చూస్తూ ఒక వంద అడుగులు వేయండి. చెరువు మీది గాలి ముఖానికి తగిలితే అదీ చూడండి.

మన ఆడవాళ్లకు దీని రుచి ఎప్పటి నుంచో తెలుసు. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు ఒంగడం, చప్పట్లు కొట్టడం, అడుగు వేయడం, పాట, అన్నీ ఒక్క లయలో పడతాయి. సద్దుల రోజు పద్మాక్షి గుట్ట దగ్గర ఒక గంట ఆడి వచ్చాక ఒళ్లు ఎంత తేలికగా ఉంటుందో ఆడినవాళ్లను అడగండి.

పరీక్షలు రాసే పిల్లలకు ఎలా చెప్పాలి?

ఇంటర్ పిల్లలకు, ఎప్‌సెట్ రాసేవాళ్లకు పెద్ద సాధనలు చెప్తే వినరు, టైమ్ వేస్ట్ అనుకుంటారు. నేను మూడు పనులు చెప్తాను. హాల్లో కూర్చోగానే రెండు పాదాలూ పూర్తిగా నేల మీద పెట్టు. పేపర్ చేతికొచ్చాక మొదటి ప్రశ్న చదివేముందు ఒక్క పొడుగాటి ఊపిరి వదులు. రాత పరీక్ష అయితే పేజీ తిప్పిన ప్రతిసారీ పెన్ను పట్టు ఒకసారి వదులు చెయ్యి. గాబరాతో వేళ్లు ఎంత గట్టిగా పట్టుకుంటాయంటే, గంట తిరిగేసరికి చెయ్యి లాగుతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్ల రిజల్ట్ చూసుకునేటప్పుడు మీ ముఖం చూస్తుంది. ముందు మీ దవడ వదులు చేసుకోండి.

కోపం ఆగడం లేదు. దీనికి పనికొస్తుందా?

పనికొస్తుంది, కానీ కోపం వచ్చాక నేర్చుకోలేరు. మామూలుగా ఉన్న రోజుల్లో ఒంటిని చూసుకునే అలవాటు ఉంటే, కోపం రాబోయే ముందు గుర్తు తెలుస్తుంది. ఒకరికి చెవులు వేడెక్కుతాయి, ఒకరికి పళ్లు బిగుస్తాయి, ఒకరికి ఛాతీలో ఏదో ఎగదన్నుతుంది. మీ గుర్తు ఏదో మీరే కనిపెట్టాలి. అది కనిపించినప్పుడు "ఒక్క నిమిషం, వస్తా" అని ఆ గదిలోంచి లేచిపోండి. ఒంట్లో ఎగసిన వేగం తగ్గడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఆలోపు నోరు తెరిస్తే మాట మన చేతిలో ఉండదు.

రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది, మళ్లీ నిద్ర పట్టదు.

ఫోన్ చూడొద్దు, టైమ్ కూడా చూడొద్దు. వెల్లకిలా పడుకుని మంచం మీద ఒళ్లు ఆనిన చోట్లు లెక్కపెట్టండి: మడమలు, పిక్కలు, పిరుదులు, వీపు, మోచేతులు, తల వెనక భాగం. ఊపిరి వదిలిన ప్రతిసారీ ఒక చోటును మంచానికి అప్పజెప్పండి. నిద్ర రావాలని పట్టుబట్టకండి. ఎంతకీ రాకపోతే, సుమారు ఇరవై నిమిషాలయ్యాక, లేచి వెలుతురు తక్కువున్న చోట కూర్చుని, నిద్ర ముంచుకొచ్చినప్పుడే మంచం ఎక్కండి. మంచం మీద దొర్లుతూ రంధి పెట్టుకోవడం అలవాటైతే, మంచం చూడగానే ఒళ్లు మేలుకుంటుంది.

ఇది విదేశీ పద్ధతి అంటున్నారు. మా మతానికి అడ్డు కాదా?

1979లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య విభాగంలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన, మందులతో తగ్గని నొప్పులున్నవాళ్ల కోసం ఒక శిక్షణ మొదలుపెట్టాడు. పాదాల నుంచి తల దాకా గమనించే పద్ధతి ఆసుపత్రుల్లోకి వెళ్లింది ముఖ్యంగా ఆ దారిలోనే. కానీ ఆయనకు అది బౌద్ధ సాధనల నుంచి వచ్చింది. బౌద్ధంలో కాయాన్ని, అంటే ఒంటిని గమనించడం నాలుగు స్మృతి సాధనల్లో, అంటే ఎరుకతో ఉండే సాధనల్లో, మొదటిది. మన పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో శాతవాహనుల కాలం నాటి బౌద్ధ స్తూపం శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ తిరిగిన భిక్షువులకు ఈ సాధన తెలిసే ఉంటుందని నేను నమ్ముతాను. బర్మాలో నేర్చుకున్న ధ్యాన గురువు గోయెంకా 1969లో భారతదేశానికి తెచ్చిన పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరాల్లోనూ ఇదే ప్రధానం. యోగాలో శవాసనం, యోగనిద్ర దీనికి దగ్గరివే.

ఇక మతం సంగతి. మా మేడ మీదికి కాజీపేట దర్గాకు వెళ్లేవాళ్లూ వస్తారు, ఫాతిమానగర్ చర్చికి వెళ్లేవాళ్లూ వస్తారు, భద్రకాళి గుడికి వెళ్లేవాళ్లూ వస్తారు. ఎవరి ప్రార్థన వాళ్లది. నమాజులో నుదురు నేలకు ఆనినప్పుడు, గుడిలో చేతులు జోడించినప్పుడు ఆ స్పర్శను పూర్తిగా తెలుసుకుంటే అదే సాధన అవుతుంది.

యాప్‌లు, యూట్యూబ్ వీడియోలు వాడొచ్చా?

మొదటి రెండు వారాలు ఎవరిదైనా గొంతు వింటూ చేయడం సులువు. తర్వాత మీ గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి.

ఎన్నాళ్లకు ఫలితం కనిపిస్తుంది?

మొదటి రోజే కొంత తేలిక తెలియొచ్చు. అలవాటుగా స్థిరపడాలంటే మాత్రం రోజూ పది నిమిషాల చొప్పున రెండు నెలలు చేసి చూడండి. మధ్యలో నాలుగు రోజులు మానేస్తే ఐదో రోజు కూర్చోండి, లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు.

ఇదంతా చేస్తే మా అప్పు తీరుతుందా?

తీరదు. ఈ మాట కోపంగా అడిగినవాళ్లున్నారు, కన్నీళ్లతో అడిగినవాళ్లున్నారు. ఇద్దరికీ ఒకే జవాబు చెప్పాను. వాన రాకపోవడం, నకిలీ విత్తనం, వడ్డీ, ఉద్యోగం పోవడం ఇవి మీ ఊపిరితో మారేవి కావు. న్యాయం కోసం అడగాల్సిన చోట అడగాల్సిందే, నలుగురితో కలిసి పోరాడాల్సిన చోట పోరాడాల్సిందే. "శాంతంగా ఉండు" అని మిమ్మల్ని నోరు మూయించడానికి ఈ సాధనను ఎవరైనా వాడితే ఒప్పుకోకండి.

దీంతో అయ్యేది ఏమిటంటే, బిగుసుకున్న ఒంటితో, నిద్రలేని తలతో వేసే లెక్కల కన్నా, కాస్త కుదుటపడ్డ ఒంటితో వేసే లెక్కలు మెరుగ్గా ఉంటాయి. బ్యాంకు మేనేజర్ ముందు కూర్చున్నప్పుడు గొంతు వణక్కుండా నాలుగు ముక్కలు చెప్పగలుగుతారు. ఆ కాగితంలో ఏం రాసి ఉందో పూర్తిగా చదవగలుగుతారు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

ఛాతీలో బరువుగా నొక్కేసినట్టు నొప్పి, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లచెమటలు, ఊపిరాడకపోవడం ఉంటే అది టెన్షనే అనుకుని కళ్లు మూసుకుని కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. తరచూ దడ వస్తుంటే రక్తం తక్కువ కావడం, థైరాయిడ్, షుగర్ పడిపోవడం కూడా కారణం కావచ్చు, పరీక్షలు చేయించుకోండి.

రెండు వారాలకు పైగా దేని మీదా మనసు లేకపోవడం, తిండి నిద్ర తప్పిపోవడం, చేసే పని చేయలేకపోవడం ఉంటే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లాలి. మన పెద్దవాళ్లు "మనాది పెట్టుకున్నడు" అని ఊరుకునేవాళ్లు. మనాదికి ఇప్పుడు వైద్యం ఉంది, ఊరుకోవాల్సిన పని లేదు. డాక్టర్ ఇచ్చిన మందులు వాడుతూనే ఈ సాధన చేయొచ్చు, దీని కోసం మందులు మాత్రం ఆపొద్దు. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఈ క్షణమే 14416కు ఫోన్ చేయండి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్, డబ్బులు పడవు, ఇరవై నాలుగు గంటలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు.

ఇంట్లో వేరేవాళ్లు టెన్షన్‌లో ఉంటే నేనేం చేయాలి?

"టెన్షన్ పడకు" అని మాత్రం అనకండి, ఆ మాటతో తగ్గినవాళ్లను నేను చూడలేదు. సలహాలు కూడా తర్వాత. పక్కన కూర్చోండి, ఎదురుగా వద్దు. టీవీ ఆపండి. మీ ఊపిరిని మీరు నిదానం చేసుకోండి, పక్కన ఉన్న మనిషి ఊపిరి మెల్లగా దాన్ని అందుకోవడం చాలాసార్లు చూశాను. మీ ఇద్దరి మధ్య ఆ చనువు ఉంటే చెయ్యి పట్టుకోండి, చల్లగా ఉంటే మీ రెండు చేతుల మధ్య పెట్టుకోండి.

చచ్చిపోతానన్న మాట నోట వస్తే కొట్టిపారేయకండి. "చనిపోవాలనిపిస్తుందా?" అని నేరుగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో పురుగుమందు లాంటివి ఉంటే ఆ రోజే వేరే ఇంటికి చేర్చండి, 14416కు మీరే ఫోన్ కలిపి ఇవ్వండి.

మామూలు దిగులే అయితే "పానం ఎట్లున్నది?" అని అడిగి ఊరుకోండి. "ఏం లేదు, మంచిగనే ఉన్న" అంటారు. లేచి వెళ్లిపోకండి. ఇంకో ఐదు నిమిషాలు అక్కడే కూర్చుంటే రెండో జవాబు వస్తుంది.